బీటిల్స్ బృందం : సాధన, సంగీతం, వారసత్వం

ఉపోద్ఘాతం

ఈ సంవత్సరం కళాశాల సంచికకు ఏ విషయంపై వ్రాయుచున్నారని విద్యార్థులు మమ్ము అడిగినారు. బీటిల్స్ బృందంపై అని చెప్పగా కొందరు ఆశ్చర్యపడినారు, కొందరు నవ్వినారు. ఒక విద్యార్థి మాత్రం లేచి, తెలుగు పాఠాలు చెప్పువారికి ఇంగ్లండు వారి గిటారు పాటలతో ఏమి పని యని సూటిగా అడిగినాడు. ప్రశ్న న్యాయమైనదే. ఆనాడు తరగతిలో సరియైన సమాధానం చెప్పలేకపోయినాము. ఈ వ్యాసమే ఆ సమాధానం.

ఇట్టి ప్రశ్న మాకు కొత్తది కాదు. ఉర్దూ మాట్లాడు ఇంట పుట్టి తెలుగు ఎం.ఏ.లో చేరినప్పుడు, "మనకు తెలుగు ఎందుకు?" అని ఇంటివారు, "మీకు తెలుగు ఎట్లా వస్తుంది?" అని బయటివారు అడిగినారు. పరుల విద్యను ఎంతవరకు మనది చేసికొనవచ్చును? చేసికొన్న తరువాత ఆ విద్య ఇచ్చినవారికి మనం ఏమి ఋణపడి ఉందుము? బీటిల్స్ చరిత్రను చదివినప్పుడు ఈ రెండు ప్రశ్నలకు సమాధానాలు దొరకినవని మేము భావించినాము.

లివర్‌పూల్ బాలురు

ఇంగ్లండులో మెర్సీ నది ఒడ్డున లివర్‌పూల్ అను రేవు పట్టణమున్నది. జాన్ లెనన్ (1940), రింగో స్టార్ (1940), పాల్ మెకార్ట్నీ (1942), జార్జ్ హారిసన్ (1943) నలుగురూ అక్కడివారే. వారెవ్వరూ సంపన్నుల బిడ్డలు కారు. జార్జ్ తండ్రి బస్సులో పనిచేసినాడు. పాల్ తండ్రి పత్తి వర్తకుని వద్ద ఉద్యోగి, తల్లి నర్సు. రింగో బాల్యం చాలా భాగం ఆస్పత్రులలో గడచినందున అతని పాఠశాల చదువు సక్రమంగా సాగలేదు. పాల్ పదునాలుగవ ఏట తల్లిని కోల్పోయినాడు. జాన్ తల్లి 1958లో మోటారు ప్రమాదంలో మరణించినది. 1957 జూలై 6న ఒక చర్చి ఉత్సవంలో జాన్, పాల్‌లకు పరిచయమైనది. కొద్దికాలానికి జార్జ్ వారితో చేరినాడు.

వారు నేర్చుకొన్న సంగీతం కూడా ఇంగ్లండుది కాదు. రాక్ అండ్ రోల్ అను సంగీతం అమెరికాలో పుట్టినది. నల్లజాతివారి బ్లూస్ గీతాలు, ప్రార్థనా గీతాలు, తెల్లవారి గ్రామీణ గీతాలు కలిసి ఆ ప్రవాహమైనవి. చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ వంటి నల్లజాతి గాయకుల రికార్డులను ఈ బాలురు మళ్లీ మళ్లీ పెట్టుకొని విని, గిటారుపై ఆ స్వరాలను వెదకి పట్టుకొన్నారు. నలుగురిలో ఎవ్వరికిని స్వరలిపి చదువుట గాని వ్రాయుట గాని రాదు. చెవియే వారికి పుస్తకం.

సాధన

కీర్తి ఒక్క రాత్రిలో వచ్చినదని జనులు అనుకొందురు. బీటిల్స్ విషయంలో ఆ రాత్రికి ముందు వందల రాత్రులున్నవి. 1960 ఆగస్టులో వారు జర్మనీలోని హాంబర్గ్ రేవుకు పోయి, నావికులు, తాగుబోతులు వచ్చు క్లబ్బులలో పాడుటకు కుదిరినారు. అప్పటికి రింగో వారితో లేడు. రాత్రికి నాలుగైదు గంటలు, వారాంతంలో ఆరు గంటలు పాడవలెను. ఒక సినిమాహాలు వెనుక, మరుగుదొడ్ల ప్రక్కన, వెలుతురు లేని గదులలో పడకలు. జార్జ్‌కు పదునెనిమిది నిండలేదని తెలిసి అధికారులు అతనిని ఇంగ్లండుకు త్రిప్పి పంపినారు. అయినను 1962 చివరి దాక వారు ఐదు పర్యాయాలు హాంబర్గ్ పోయి పాడినారు. లివర్‌పూల్‌లోని కావెర్న్ క్లబ్బులో 1961 నుండి 1963 వరకు మూడు వందలకు కొంచెం తక్కువగా కచేరీలు చేసినారు.

మన సంగీతకారులు దీనినే సాధన యందురు, ఉస్తాదులు రియాజ్ అందురు. రాత్రికి అన్ని గంటలు పాడువానికి తెలిసిన పాటలు త్వరలోనే అయిపోవును. అప్పుడు కొత్త పాటలు నేర్వవలెను, పాతవాటిని పెంచి పాడవలెను, వినని వారిని వినునట్లు చేయవలెను. హాంబర్గ్ వారికి ఇచ్చిన చదువు ఇదే.

తిరస్కారం, గురుయోగం

1962 జనవరి 1న లండనులో డెక్కా కంపెనీవారు వారి పాటలను పరీక్షించి, కొద్దివారాలకు వద్దన్నారు. పరీక్షలో తప్పినవారికి ఈ ముక్క ధైర్యమివ్వవలెను. వారి మేనేజరు బ్రయన్ ఎప్‌స్టైన్ విసుగక తిరిగి, ఇ.ఎం.ఐ. సంస్థకు చెందిన పార్లఫోన్ శాఖలో జార్జ్ మార్టిన్ వద్దకు వారిని చేర్చినాడు. మార్టిన్ శాస్త్రీయ సంగీతం చదివినవాడు. నలుగురికి లేని శాస్త్రజ్ఞానం అతనికున్నది. అతనికి లేని సాహసం వారికున్నది. ఆ ఆగస్టులోనే రింగో బృందంలో చేరినాడు. 1962 అక్టోబరు 5న 'లవ్ మి డూ' వెలువడినది.

మొదటి ఆల్బమ్‌లోని పది పాటలను 1963 ఫిబ్రవరి 11న ఒక్కదినంలో రికార్డు చేసినారు. జాన్‌కు జలుబు. గొంతు చీలిపోవునను భయంతో 'ట్విస్ట్ అండ్ షౌట్' పాటను చివరకు ఉంచి, రాత్రి పాడినారు. ఆ బొంగురుతనమే ఆ పాటకు ప్రాణమైనది. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టెలివిజనులో వారిని సుమారు 7 కోట్ల 30 లక్షలమంది చూచినారు. ఆ ఏప్రిల్‌లో అమెరికా పాటల పట్టికలో మొదటి ఐదు స్థానాలూ వారివే.

పాట నిర్మాణం

ఇక సంగీతాన్ని విచారింతము. వారి తొలి పాటలు చిన్నవి, ప్రేమను గూర్చినవి. నిర్మాణం తేలిక. మన పాటలో పల్లవి, చరణం ఉన్నట్లే వారి పాటలోను ఒక వరుస రెండుమార్లు వచ్చి, మధ్య వేరొక వరుస నడచి, మొదటిది మరల వచ్చును. అయితే ఈ చట్రంలో వారు శ్రోత ఊహింపని మలుపులు పెట్టినారు.

1965లో వచ్చిన 'యెస్టర్‌డే' అందుకు నిదర్శనం. ఆ వరుస నిద్రలో తనకు స్ఫురించినదని పాల్ చెప్పినాడు. ఎవరిదో పాట విని మరచితినేమో యని కొంతకాలం కనబడినవారి నందరిని అడిగినాడు. మాటలు దొరకువరకు కోడిగుడ్లను గూర్చిన హాస్యపు మాటలు పెట్టి పాడుకొన్నాడు. వరుస ముందు పుట్టగా, తననన యని ఉత్తుత్తి మాటలతో పాడుకొని, తరువాత సాహిత్యం కూర్చుట మన సినిమా కవులకు నిత్యానుభవమే. సాధారణంగా పాటలో ఒక్కొక్క భాగం నాలుగు, ఎనిమిది గతులుగా సాగును. ఇందులో ఏడు గతులకే మొదటి భాగం ముగియును. వినువానికి ఏదో చేజారినట్లుండును. పాట భావమూ అదే. తంత్రీవాద్యాలు నాలుగింటిని చేర్చుదమని మార్టిన్ సూచించినాడు. మొదట సంశయించిన పాల్, విన్న తరువాత అంగీకరించినాడు.

కచేరీలలో మాత్రం సంగీతం వినబడుట మానినది. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షియా స్టేడియమ్‌లో యాభైఐదు వేలమంది వేసిన కేకలలో తమ పాట తమకే వినబడలేదు. ఇంతటి జయధ్వానాలను వదలుకొనుట సులభం కాదు. కాని 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో చివరి కచేరీ చేసి, వారు పర్యటనలు విరమించి స్టూడియోలో కూర్చున్నారు. మెప్పు కన్న పని ముఖ్యమనుకొన్న ఈ నిర్ణయమే వారి ఉత్తమ కృతులకు దారి తీసినదని మా అభిప్రాయం. 1967లో వచ్చిన 'సార్జంట్ పెపర్స్' ఆల్బమ్‌కు సుమారు 700 గంటలు పట్టినది. మొదటి ఆల్బమ్ ఒక దినపు పని యని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఆనాటి యంత్రంలో నాలుగు జాడలే ఉండెడివి. నాలుగింటిని నింపి, వాటిని కలిపి మరొక టేపుపైకి ఎక్కించి, మిగిలిన జాడలలో కొత్త ధ్వనులు చేర్చినారు. చివరి పాటకు నలభైమంది వాద్యకారులను రప్పించి, ఒక్కొక్కరు తమ వాద్యపు క్రింది స్వరం నుండి పై స్వరానికి తమంత తాము ఎక్కి రావలెనని చెప్పినారు. పాటల సాహిత్యాన్ని అట్టపై అచ్చువేసినారు. చదువదగిన సాహిత్యమని ఆ విధంగా ప్రకటించినట్లయినది.

సితారు పాఠం

1965లో ఒక చలనచిత్రపు చిత్రీకరణ నడుచుచుండగా, భోజనశాల దృశ్యంలో జార్జ్ మొదటిసారి సితారును చూచినాడు. ఆ సంవత్సరమే 'నార్వీజియన్ వుడ్' పాటలో దానిని వాయించినాడు. ఆ పాట నడక మన ఖమాజ్ ఠాట్‌కు, కర్ణాటక పద్ధతిలో హరికాంభోజికి దగ్గరగా ఉండును. పండిత రవిశంకర్‌కు ఆ వాయిద్యం నచ్చలేదు. 1966లో ఇరువురికి పరిచయమైన పిమ్మట జార్జ్ ఆయన వద్ద శిష్యుడుగా చేరినాడు. ఆ సెప్టెంబరులో బొంబాయికి, తరువాత కాశ్మీరానికి వచ్చి, దాల్ సరస్సు పడవలో ఉండి అభ్యసించినాడు. రవిశంకర్ మైహర్‌లో ఉస్తాద్ అల్లాఉద్దీన్ ఖాన్ పాదాల చెంత ఏండ్ల తరబడి నేర్చినవారు. అందుచేత లివర్‌పూల్ యువకునకు లభించినది వాద్యమొక్కటే కాదు, ఒక పరంపర.

ఒకనాడు పాఠం నడుచుచుండగా ఫోను మ్రోగినది. జార్జ్ లేచి సితారును దాటి పోబోయినాడు. గురువు అతని కాలిపై చరచి, వాద్యాన్ని గౌరవింపవలెనని మందలించినారు. అప్పటికి జార్జ్ ప్రపంచ ప్రసిద్ధుడు. ఆ దెబ్బను దాచుకొనక తానే లోకానికి చెప్పినాడు.

ఇందులో మరియొక పాఠమున్నది. మంచి సితారు వాదకునకు బాల్యం నుండి సాధన కావలెనని, తాను ఆ స్థాయికి చేరలేడని 1968 నాటికి జార్జ్ గ్రహించి, గిటారుకు మరలినాడు. దీనిని ఓటమి యందుమా? తనకు ఏది అందదో తెలియుట కూడా విద్యాఫలమే. అతడు వాద్యాన్ని విడిచినాడు గాని గురువును విడువలేదు. మూడు దశాబ్దాల తరువాత, 1997లో వెలువడిన రవిశంకర్ 'చాంట్స్ ఆఫ్ ఇండియా' ఆల్బమ్‌ను నిర్మించినవాడు జార్జే. దానిలో కొంత భాగం మద్రాసులో రికార్డైనది. 1968లో నలుగురు రిషీకేశ్‌లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చుట, అక్కడ అనేక గీతాలు రచించుట అందరికి తెలిసినదే. మాకు మాత్రం రిషీకేశ్ కన్న ఆ సితారు పాఠమే ముఖ్యంగా తోచినది.

ఋణవిమోచనం

నేర్చుట ఒక యెత్తు, నేర్పినవారి ఋణం తలచుట మరియొక యెత్తు. 1964 సెప్టెంబరు 11న అమెరికాలోని జాక్సన్‌విల్‌లో కచేరీ ఏర్పాటైనది. నల్లవారిని, తెల్లవారిని వేరువేరుగా కూర్చుండబెట్టినచో తాము పాడబోమని వారు ముందుగానే ప్రకటించినారు. చివరకు అందరు కలిసి కూర్చుండిన సభలోనే పాడినారు. నల్లజాతివారి పాటలతో ఎదిగినవారు నల్లజాతివారిని ప్రక్కకు నెట్టిన సభలో పాడుట కృతఘ్నత కాదా?

రెండవ ఋణం 1971లో తీరినది. 1970 నవంబరు తుపానుతోను, మరుసటి యేటి యుద్ధంతోను తూర్పు బెంగాల్ ప్రజలు లక్షలుగా శరణార్థులైనారు. రవిశంకర్ తన బాధను జార్జ్‌తో చెప్పుకొన్నారు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో రెండు కచేరీలు జరిగినవి. రవిశంకర్ సితారు, అల్లాఉద్దీన్ ఖాన్ కుమారులు అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లారఖా తబలా. ఆరంభంలో శ్రుతి చేసికొనుచుండగా జనులు అదియే కచేరీ యనుకొని చప్పట్లు కొట్టినారు. శ్రుతియే ఇంత నచ్చినచో కచేరీ ఇంకను నచ్చునని రవిశంకర్ చమత్కరించినారు. ఆనాటి టిక్కెట్లపై వచ్చిన రెండు లక్షల నలభై వేల డాలర్లకు పైగా ధనం యునిసెఫ్‌కు చేరినది. వృద్ధ అల్లాఉద్దీన్ ఖాన్ పుట్టిన నేల ఆ తూర్పు బెంగాలే.

విచ్ఛేదం, వారసత్వం

వారిని దేవతలను చేయుట మా ఉద్దేశం కాదు. మత్తు పదార్థాలు వారిని కొంతకాలం వశపరచుకొన్నవి. 1967లో ఎప్‌స్టైన్ మరణించిన తరువాత ధనవ్యవహారాలలో కలతలు పెరిగినవి. గొంతులు కలిసి పాడిన మిత్రులు 1970లో విడిపోయి, న్యాయస్థానానికి ఎక్కినారు. శ్రుతి కలుపుట కన్న మనసు కలుపుట కష్టమని వారి చరిత్రయే చెప్పుచున్నది. జాన్ 1980 డిసెంబరు 8న న్యూయార్క్‌లో హత్యకు గురియైనాడు. జార్జ్ 2001లో మరణించినాడు.

అయినను కథ అక్కడ ముగియలేదు. జాన్ ఇంట పియానోపై పాడి టేపులో ఉంచిన ఒక పాటను మిగిలిన ముగ్గురు 1995లో పూర్తిచేయబూని, గొంతును పియానో ధ్వని నుండి విడదీయలేక వదిలివేసినారు. తరువాతి కాలంలో కొత్త యంత్ర విజ్ఞానం ఆ గొంతును వేరుచేసినది. జార్జ్ 1995లో వాయించిన గిటారును కలుపుకొని, పాల్, రింగో 'నౌ అండ్ దెన్' అను పేర దానిని 2023లో వెలువరించినారు. రికార్డు చేయు గదినే ఒక వాద్యంగా వాడుట, ఒక ఆల్బమ్‌ను ఒక గ్రంథంవలె కూర్చుట, గాయకులే తమ పాటలు తాము వ్రాసికొనుట — ఇవన్నియు అన్యులు ఆరంభించినవే కావచ్చును. వాటిని లోకమర్యాదగా చేసినవారు మాత్రం బీటిల్స్.

ముగింపు

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు వత్తుము. తెలుగు ఉపాధ్యాయునకు బీటిల్స్‌తో ఏమి పని? పరుల విద్య పరులది మాత్రమే కాదని, సాధన చేసినవానిదని వారు నిరూపించినారు. అది ఊరక వచ్చునది కాదని, హాంబర్గ్ రాత్రులవంటి రాత్రులు అడుగునని కూడా నిరూపించినారు. మీలో ఉర్దూ ఇంటి భాషగా గలవారు తెలుగు పుస్తకాన్ని, తెలుగు ఇంటి భాషగా గలవారు ఉర్దూ పుస్తకాన్ని ఈ సెలవులలో చేతబట్టినచో మా వ్యాసం సఫలమైనట్లే. అంతయు రాకపోవచ్చును. జార్జ్‌కు సితారు అంతయు రాలేదు. ఎంత నేర్చినను, ఎంత పేరు వచ్చినను, ఆ పుస్తకాన్ని దాటి నడువకుండుటయే మేము కోరునది.