పాత పుటలలో మన పేట

నాగ్‌పాడా చెంతనున్న కామాఠిపురమనగానే లోకము అపఖ్యాతినే తలచును. ఆ పేరెట్లు వచ్చెనని పిల్లలడిగినచో ఆధారము చూపి చెప్పవలెను. 1909-10లో మూడు సంపుటములుగా వెలువడిన బొంబాయి గెజెటీరు నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితముగా లభించును. వెదకునపుడు ముంబయి అనక, ఆనాటి బొంబాయి పేరునే ఇంగ్లీషు అక్షరములలో వ్రాయవలెను; కామాఠి మాటను రెండు మూడు వర్ణక్రమములతో పరీక్షింపవలెను. నిజాం రాజ్యమునుండి వచ్చిన కామాఠీ శ్రామికుల వలననే పేటకా పేరు కలిగినదని అందు తెలియును.

అందు చాలనిచో, 1804లో స్థాపితమైన ఏషియాటిక్ సొసైటీవారి ‘గ్రంథ సంజీవని’లో వెదకవచ్చును. యంత్రము చదివిన అక్షరములలో తప్పులుండును గనుక మూలపుటను కన్నులార చూచి, గ్రంథనామము, సంవత్సరము, పుటసంఖ్య వ్రాసికొనవలెను. చిట్టా చూడనిదే ఆవర్జాకెక్కింపని వర్తకునకు ఈ నియమము క్రొత్త గాదు.