సీసా ముందువైపు కాదు చెల్లీ, వెనకవైపు చదువు

చెల్లీ, కొత్త లోషన్ మొదలుపెట్టిన వారానికి కనురెప్పలు దురద పెడితే ఏమనుకుంటావు? నీళ్లు మారాయనో, వంకాయ పడలేదనో అనుకుంటావు. సీసా మీదికి మాత్రం అనుమానం పోదు. దాని మీద ‘జెంటిల్’, ‘హైపోఅలర్జెనిక్’ అని రాసి ఉంది మరి!

ఆ రాతల్ని అంతగా నమ్మకు. ‘హైపోఅలర్జెనిక్’ (అంటే అలర్జీ తక్కువ తెచ్చేది) అనాలంటే పరీక్షలు చేసి చూపించాలని అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1975లో నిబంధన పెట్టింది. కంపెనీలు కోర్టుకెక్కాయి, 1977లో అది చెల్లకుండా పోయింది. అప్పట్నుంచి అక్కడ ఎవరికి తోచిన అర్థం వాళ్లదే.

అందుకే సీసా తిప్పి, వెనక సన్నక్షరాలు చదువు. తడి వైప్స్, షాంపూల్లో సూక్ష్మక్రిములు పెరగకుండా ‘మిథైల్‌ఐసోథయాజోలినోన్’ అనేది కలిపేవారు. 2013లో అమెరికా చర్మవైద్యుల సంఘం ఒకటి దాన్నే ‘ఆ ఏటి అలర్జెన్’గా ప్రకటించింది. రాసుకుని కడగకుండా ఉంచుకునే క్రీముల్లో దాన్ని వాడకూడదని 2017లో యూరప్ నిషేధించింది. కళ్లు మండని పిల్లల షాంపూల్లో నురగనిచ్చే ‘కొకామిడోప్రొపైల్ బీటైన్’ కూడా కొందరికి పడదు. పరిమళాలైతే సరేసరి. ‘అన్‌సెంటెడ్’ అన్నదాంట్లోనూ ముడిసరుకు వాసన కప్పడానికి ఒక్కోసారి పరిమళం కలుపుతారు.

రాసిన వెంటనే మండితే చాలావరకు అది చర్మం ఇరిటేట్ అయినట్టే. ఒకటి రెండు రోజులాగి దురద, సన్నటి నీటిపొక్కులు వస్తే అలర్జీ కావచ్చు. “ఇన్నేళ్లుగా ఇదే వాడుతున్నానక్కా” అంటావేమో! ఏళ్లు వాడాక కూడా ఒంటికి ఆ పదార్థం పడకుండా పోవచ్చు. ఒకసారి అలా అయ్యాక మళ్లీ తగిలినప్పుడల్లా దద్దురు తిరగబెడుతుంది.

అలా జరిగితే అనుమానమున్నవన్నీ ఆపెయ్. తగ్గాక ఏదైనా కొత్తది వాడాలనిపిస్తే, మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున వారం పదిరోజులు కొంచెం రాసి చూడు. ఏమీ కాకపోతేనే ముఖానికి రాసుకో. దురద మానకపోతే చర్మవైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకో. వీపు మీద అంటించిన పట్టీలు రెండు రోజులుంచి తీస్తారు, మరో రెండు రోజులకి మళ్లీ చూస్తారు. కారణం బయటపడితే సగం బాధ తీరినట్టే. అంతవరకూ మందుల షాపువాళ్లిచ్చిన స్టెరాయిడ్ క్రీము మాత్రం ముఖానికి పులుముకోకు. తెల్లబడతానని నెలల తరబడి రాస్తే చర్మం పలచబడిపోతుంది.

“అంత డబ్బు పోసి కొన్నానే” అని మంట ఓర్చుకోకమ్మా. ఆ సీసా ఖరీదుకంటే నీ ఒళ్లు ముఖ్యం. వాడటం ఆపెయ్, కానీ పారెయ్యకు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చేతిసంచిలో వేసుకెళ్లు.