సముద్రం చూసొద్దాం రండి



మన మెదక్ చుట్టుపక్కల చెరువులున్నాయి. ఏడుపాయల దగ్గర మంజీర ఉంది. కాని సముద్రం లేదు. తెలంగాణ రాష్ట్రంలో ఎక్కడా సముద్రం లేదు. అందుకే మనలో చాలామంది సముద్రాన్ని టీవీలోనే చూశారు. ఈ పాఠంలో విశాఖపట్నం గురించి చదువుదాం. తక్కువ ఖర్చుతో అక్కడికి ఎట్లా పోయి రావాలో తెలుసుకుందాం.

పైసా పైసా కూడబెట్టి

మా కేంద్రంలో చదువు నేర్చుకున్న ఆరుగురు అక్కలు, నేను కలిసి విశాఖ పోయి వచ్చాం. ఒక్కొక్కరు వారానికి 50 రూపాయలు దాచుకున్నారు. 40 వారాలు దాచారు.

50 × 40 = 2,000 రూపాయలు.

ఆరుగురిలో ఒకామె బీడీలు చుట్టే అక్క. ఆమెకు 55 ఏళ్లు. "ఆ పైసలతో ఇంట్లకు ఏదన్న సామాను కొనరాదా? సముద్రం చూస్తే ఏమొస్తది?" అన్నారు ఇంట్లో వాళ్లు. ఆమె కోపం చేయలేదు. "నలభై ఏండ్ల సంది చుట్టిన బీడీలన్ని ఇంటికే పెట్టిన. ఈ రెండు వేలు నా కండ్ల కోసం" అంది. ఎవరూ మారు మాట్లాడలేదు.

ప్రయాణం

మెదక్ నుంచి హైదరాబాదు దాదాపు 100 కిలోమీటర్లు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు ఖర్చు లేదు. ఆధార్ కార్డు చూపితే సున్నా టికెట్టు ఇస్తారు. ఆ టికెట్టు తప్పక తీసుకోవాలి.

హైదరాబాదు నుంచి విశాఖపట్నం దాదాపు 700 కిలోమీటర్లు. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం బయలుదేరి, తెల్లవారేసరికి విశాఖ చేరుతుంది. దాని నంబరు 12728. ఈ రైలు 1974లో మొదలైంది. రాత్రి రైలులో పడుకుంటే ఒక రాత్రి గది కిరాయి మిగులుతుంది.

నెల రోజుల ముందే స్టేషనుకు పోయి రిజర్వేషన్ ఫారం నింపాం. పేరు, వయసు, రైలు నంబరు, తేదీ – అన్నీ అక్కలే రాశారు. 45 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు, ఖాళీ ఉంటే కింది బెర్తు ఇస్తారు. కనుక వయసు సరిగ్గా రాయాలి. జొన్నరొట్టెలు, పచ్చడి, సకినాలు మూట కట్టుకున్నాం. దారిలో ఏమీ కొనలేదు.

అర్ధరాత్రి దాటాక రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన వచ్చింది. వంతెన దాదాపు 3 కిలోమీటర్ల పొడవు. అందరూ లేచి కిటికీల దగ్గర కూర్చున్నారు. మన మంజీర ఏడుపాయల దాటి, నిజాంసాగర్ మీదుగా పోయి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. వరద వచ్చినప్పుడు మన దగ్గర పారిన నీళ్లు ఈ వంతెన కిందుగా సముద్రానికి పోతాయి. ఆ మాట చెప్పగానే అక్కలు రెండు చేతులెత్తి మొక్కారు.

సముద్రం

విశాఖలో సముద్రం పేరు బంగాళాఖాతం. అది ఊరికి తూర్పున ఉంది. అందుకే పొద్దున సూర్యుడు నీళ్లలో నుంచి లేచినట్టు కనిపిస్తాడు. రామకృష్ణా బీచ్‌లో ఇసుక మీద నిలబడి చూశాం. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తరువాత ఒక అక్క అడిగింది: "గిన్ని నీళ్లుంటే మన ఊర్ల బోర్లు ఎందుకు ఎండుతున్నయి పంతులమ్మా?"

మంచి ప్రశ్న. సముద్రం నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఒక లీటరు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అవి తాగడానికి, పంటకు పనికిరావు. వాన నీళ్లు రాళ్లలోని ఉప్పును కరిగించుకొని, నదుల ద్వారా సముద్రంలోకి తెస్తాయి. ఎండకు నీరు ఆవిరై పైకి పోతుంది. ఉప్పు మాత్రం కిందనే ఉండిపోతుంది. కోట్ల ఏళ్లుగా ఇట్లా జరుగుతోంది. పైకి పోయిన ఆవిరే మబ్బై, మంచినీళ్ల వానై మన ఊరికి వస్తుంది. ఆ వానను చెరువులో నిలుపుకుంటేనే మన బోర్లలో నీళ్లుంటాయి.

జాగ్రత్త!

సముద్రం అందంగా ఉంటుంది. ప్రాణాలూ తీస్తుంది. అల వెనక్కి పోతున్నప్పుడు కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లు కూడా కొట్టుకుపోయారు. ఒడ్డున హెచ్చరిక బోర్డులుంటాయి. చదవండి. పాదాలు తడిసేంత వరకే దిగండి. పిల్లల చేయి వదలకండి. చీకటి పడ్డాక నీళ్లలోకి దిగకండి.

ఊరిలో ఏమేం చూశాం?

బీచ్ పక్కనే 'కురుసుర' అనే జలాంతర్గామి ఉంది. అంటే నీళ్ల లోపల నడిచే ఓడ. పొడవు 91 మీటర్లు. 1969 నుంచి 2001 వరకు మన నౌకాదళంలో పనిచేసింది. 2002లో దాన్ని ఒడ్డుకు తెచ్చి మ్యూజియం చేశారు. దాంట్లో 70 మందికి పైగా ఉండేవారు. ఇరుకు మంచాలు చూసి, "మన ఇల్లే నయం" అని అక్కలు నవ్వారు. సోమవారం దీనికి సెలవు.

ఓడరేవు దగ్గర మూడు చిన్న కొండలున్నాయి. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. మూడూ పక్కపక్కనే.

చేపల రేవులో తెల్లవారకముందే సందడి. మగవాళ్లు చేపలు పట్టి తెస్తారు. ఆడవాళ్లు పాటలో కొని, గంపల్లో ఎత్తుకొని పోయి అమ్ముతారు. వాళ్ల లెక్క చాలా చురుకు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరపడవల వేట ఆపుతారు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం.

సింహాచలం కొండకు బస్సు ఉంది. అక్కడ స్వామికి ఏడాదంతా చందనం పూత ఉంటుంది. అక్షయ తృతీయ నాడే నిజరూపం కనిపిస్తుంది. గుడిలో అన్నదానం ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు ఉంది. అది ఆ రాష్ట్రం వాళ్లకే. మనం టికెట్టు కొనాలి.

ఎందుకు మనసు పడింది?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరిని కొట్టింది. చెట్లు, కరెంటు స్తంభాలు కూలాయి. కొండలు బోడిగా మారాయి. జనం మళ్లీ మొక్కలు నాటారు. దెబ్బ తిని లేచిన ఊరు ఇది.

ఇంకో మాట. సముద్రం చూడడానికి టికెట్టు లేదు. కారులో వచ్చినవాళ్లూ, బస్సులో వచ్చినవాళ్లూ ఒకే ఇసుకలో కూర్చుంటారు. సాయంత్రం మేం మూడు గంటలు అక్కడే కూర్చున్నాం. వంట లేదు, బీడీల లెక్క లేదు. "ఎందుకు కూసున్నవ్?" అని అడిగినవాళ్లు లేరు. బీడీల అక్క కొంగు చివర నాలుగు గవ్వలు కట్టుకుంది. "మనుమరాలికి. పెద్దగైనంక అదే పోయి చూస్తది" అంది.

లెక్క చూడండి (ఒక్కొక్కరికి, సుమారుగా)

రైలు, రానుపోను – 900 రూపాయలు
గదిలో వంతు – 300 రూపాయలు
తిండి – 400 రూపాయలు
ఊరిలో బస్సులు – 100 రూపాయలు
చూసే చోట టికెట్లు – 100 రూపాయలు
మొత్తం – 1,800 రూపాయలు

ధరలు మారుతుంటాయి. పోయేముందు అడిగి తెలుసుకోండి.

చేసి చూడండి

1. రెండు వేలలో ఖర్చు పోగా ఎంత మిగిలింది?
2. వారానికి 30 రూపాయలు దాస్తే 52 వారాలకు ఎంత అవుతుంది?
3. ఈ మాటలు రాయండి: విశాఖపట్నం, బంగాళాఖాతం, జలాంతర్గామి, హెచ్చరిక.
4. సముద్రం నీళ్లు ఎందుకు ఉప్పగా ఉంటాయి? మీ ఇంట్లో పిల్లలకు చెప్పండి.
5. మీకు ఏ ఊరు చూడాలని ఉంది? ఇంతవరకు ఎవరికీ చెప్పకపోయినా సరే, ఆ ఊరి పేరు ఇక్కడ రాయండి: ______________