నారాయణదాసుగారును గానపాఠశాలయును

మన గద్వాలకు 'విద్వద్గద్వాల' యను పేరు గలదని యిచ్చటి పిల్లలు పెద్దలవలన వినియే యుందురు. సంస్థానము నిలిచియున్న దినములలో దూరప్రాంతములనుండి కవులును పండితులును వచ్చి, ప్రభువుల యెదుట తమ విద్యను జూపి, సన్మానములంది పోవుచుండిరి. ఆ పద్ధతి విద్యను పోషించెననుటకు సందియము లేదు. అయినను ఒక సంగతి యాలోచింపదగియున్నది. సభలో శాలువ కప్పించుకొన్న విద్వాంసుడు కాలధర్మము నొందిన పిమ్మట ఆయన విద్య యెవరి పాలగును? కొడుకునకో, ఇంటనుండి శుశ్రూష చేసిన యొకరిద్దఱు శిష్యులకో దక్కును. తక్కినవారికి వినికిడి మాత్రమే మిగులును. విజయనగరమున నొక ప్రభువు సంగీతమునకు బడి పెట్టించెను. ఆ బడిని గూర్చియు, దానికి మొదటి పెద్దయైన గేయరచయితను గూర్చియు ఈ యేట మా పాఠకులకు కొంత చెప్పదలచినాము.

అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు 1864వ సంవత్సరము ఆగష్టు 31వ తేదీన బొబ్బిలి ప్రాంతమందలి అజ్జాడ గ్రామమున జన్మించిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. అయిదేండ్ల వయస్సున ఒక పుస్తకముల యంగడిలో భాగవతము కావలెనని పట్టుబట్టగా, అంగడివాడు నవ్వి, "నీవు చదువగలవా?" యని యడిగెనట. పిల్లవాడు పద్యములు ధారాళముగా వినిపించినందున ఆ పుస్తకమును ఊరకనే యిచ్చివేసెనని చెప్పుదురు. బొబ్బిలి వైణికులైన వాసా సాంబయ్యగారు ఆ కంఠమును విని ముచ్చటపడి, తమయొద్ద నుంచుకొని కొంతకాలము సంగీతము నేర్పిరి. గురుముఖమున నేర్చినది అంతమాత్రమే. తరువాత విజయనగరమున అన్నగారి యొద్ద చేరి ఇంగ్లీషు బడిలో చదువుకొనిరి.

అచ్చట 1883లో కుప్పుస్వామినాయుడుగారను నొకరు చెప్పిన హరికథను వినుట తటస్థించెను. ఆ రాత్రితో ఆయన త్రోవ తేలిపోయెను. అదే యేట ధ్రువచరిత్రమును తామే రచించి, తామే గజ్జెకట్టి చెప్పిరి. హరికథయందు ఒక్కడే మనుష్యుడు చేత చిడతలు, కాళ్ల గజ్జెలు ధరించి పాడవలెను, ఆడవలెను, కథ నడుపవలెను, నడుమ నడుమ నవ్వింపవలెను. సాహిత్యము వేఱొకరిది, స్వరము వేఱొకరిది కాక, రెండును తనవేయై యుండుట నారాయణదాసుగారి విశేషము. ఆయనను హరికథా పితామహుడని ఆంధ్రులు గౌరవించిరి.

తాళమున ఆయన చూపిన ప్రజ్ఞను మా విద్యార్థులు కొంచెము పరీక్షించి చూడవచ్చును. కుడిచేతితో మూడేసి మాత్రల కొక దెబ్బయు, ఎడమచేతితో నాలుగేసి మాత్రల కొక దెబ్బయు వేయుడు. రెండు చేతులును ఒక్కసారి మొదలుపెట్టినచో, మరల పండ్రెండు మాత్రలు గడచినగాని కలిసి పడవు. ఒక కాలితో అయిదేసి చేర్చినచో అఱువది మాత్రలు గడువవలెను. రెండవ కాలితో ఏడేసి చేర్చినచో నన్నూట యిరువది. లెక్కల పుస్తకములో కనిష్ఠ సామాన్య గుణిజమని మీరు విసుగుకొనుచు చేయునది యిదియే. నారాయణదాసుగారు చేతులు, కాళ్లు, శిరస్సు వేఱువేఱు తాళములను నడుపుచుండగా నోట పాట పాడుచుండెడివారు. అందుచేతనే ఆయనకు 'పంచముఖి పరమేశ్వర' యను బిరుదు వచ్చెను. మేము మూడును నాలుగును ప్రయత్నించి ఓడిపోయితిమి, ఒప్పుకొనుటకు సిగ్గుపడము.

రచనలలో మిక్కిలి గొప్పది దశవిధ రాగ నవతి కుసుమ మంజరి. తొంబది రాగములను తొంబది పువ్వులుగా నొక్క దండ గ్రుచ్చిన గేయమిది. ఒక రాగమునుండి వేఱొక రాగమునకు దాటునప్పుడు అతుకు తెలియకుండుటయే కష్టము. అట్టి దాటులనన్నింటిని కూర్చుటకు రాగముల లక్షణమంతయు అఱచేతనుండవలెను.

ఇంగ్లీషు చదువును ఆయన వృథా పోనీయలేదు. నవరసతరంగిణి యను గ్రంథమున షేక్స్పియరు నాటకములలోని ఘట్టములను, కాళిదాసు ఘట్టములను ప్రక్కప్రక్కన నిలిపి అచ్చతెనుగున వ్రాసిరి. ఈసపు కథలను నూఱుగంటి యను పేర అచ్చతెనుగున చెప్పిరి. ఉమరుఖయ్యాము రుబాయతులను సంస్కృతమునను అచ్చతెనుగునను వ్రాసిరి.

ఆ తరముననే ఇంగ్లండులో నొక సంగీత రచయిత మన వైపునకు చూచుచుండెను. గుస్టావ్ హోల్స్ట్ అను నాయన 1874లో చెల్టెన్హాము పట్టణమున బుట్టెను. కుడిచేతి నరముల వ్యాధిచే పియానో విద్వాంసుడు కావలెనన్న యాశను విడువవలసివచ్చెను. వేదసూక్తములకు స్వరము కట్టవలెనని కోరిక కలిగి, తనకు నచ్చిన తర్జుమాలు లేకపోగా, సంస్కృతము నేర్చుకొని నిఘంటువు ప్రక్కన బెట్టుకొని ఋగ్వేద సూక్తములను తానే ఇంగ్లీషు చేసికొనెను. 1908లో సావిత్రి కథను చిన్న సంగీత నాటకముగా రచించెను. 'గ్రహములు' అను రచనచే ఆయన లోకప్రసిద్ధుడయ్యెను. ఇంత కీర్తి వచ్చినను 1905 మొదలు 1934లో చనిపోవువఱకు లండనునందలి సెయింటుపాల్ బాలికల పాఠశాలలో సంగీతోపాధ్యాయుడుగానే యుండి, ఆ బాలికలు వాయించుటకు ప్రత్యేకముగా నొక రచనయు చేసెను. సంగీతము పిల్లల చదువునకు ఆటంకమని తలచు తలిదండ్రులు ఈ సంగతిని గమనింతురు గాక.

హోల్స్ట్ గారికి ముప్పదియొకటవ యేట దొరికినట్టి బడి మన నారాయణదాసుగారికి ఏబదియైదవ యేట గాని దొరకలేదు. దానికి కారణమొక గ్రుడ్డి బాలుడు. విజయనగర ఆస్థానమున నుద్యోగియైన చాగంటి జోగారావుగారి కుమారునకు చూపు లేదు. అతనికి సంగీతము నేర్పించు మార్గము కావలెను. ఒక విద్వాంసుని ఆ యింటికి పంపినను సరిపోయెడిది. విజయరామ గజపతి మహారాజు అట్లు చేయక, 1919వ సంవత్సరమున బడినే స్థాపించి నారాయణదాసుగారిని దానికి అధ్యక్షులుగా నియమించెను. ఒకనికై తెఱచిన తలుపున అనేకులు ప్రవేశించిరి.

అట్లు వచ్చినవారిలో ద్వారం వేంకటస్వామినాయుడుగారొకరు. 1893లో జన్మించిన యీయనకు బాల్యమునుండియు దృష్టి మాంద్యము. పలకమీది వ్రాత కానరాక బడి చదువు నిలిచిపోయెను. అన్నగారి యొద్ద వయొలిను నేర్చుకొనిరి. గానపాఠశాల తెఱచిరని విని, విద్యార్థిగా చేరుటకై విజయనగరమునకు వచ్చి వాయించిరి. విన్న పిమ్మట ఆయనను విద్యార్థుల పట్టికలో చేర్చుకొనలేదు. ఇరువదియాఱవ యేట వయొలిను ఉపాధ్యాయులుగా నియమించిరి!

మాకు ఈ ఘట్టము రాగతాళముల ప్రజ్ఞకంటె పెద్దదిగా తోచుచున్నది. వచ్చినవాడు పిన్నవాడు, పరీక్షలలో తేఱినట్లు కాగితమేదియు లేదు, కన్నులు సరిగా లేవు. వీనిలో నేదైనను సాకుగా చూపి పంపివేయుట సులభము. అధ్యక్షులు చెవితో పరీక్షించిరి. తాము స్వయముగా గ్రహించి పైకివచ్చినవారగుటచే, వేఱొకరి స్వయంకృషిని గుర్తుపట్టుట ఆయనకు కష్టము కాలేదని తలంతుము.

1936లో నారాయణదాసుగారు విరమింపగా ఆ నాయుడుగారే అధ్యక్షులైరి. 1941లో మదరాసు సంగీత విద్వత్సభ వారు ఆయనకు సంగీత కళానిధి బిరుదము నిచ్చిరి. తరువాతి కాలమున చలనచిత్ర గీతములచే ఇంటింట వినబడిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారును, పి. సుశీలగారును ఆ బడి విద్యార్థులే. ఘంటసాలవారు విజయనగరమున కచ్చేరి చేసినప్పుడు వృద్ధులైన నారాయణదాసుగారు మెచ్చి తంబుర నొసగిరని చెప్పుకొందురు.

నారాయణదాసుగారు 1945 జనవరి 2వ తేదీన పరమపదించిరి. 'నా యెఱుక' యను పేర స్వీయచరిత్రను వ్రాసిరి గాని, అది ముప్పదియేండ్ల వయస్సు వఱకే నడచినది. సభలు, ప్రయాణములు, బిరుదములు అందు గలవు. గానపాఠశాల మాట అందు లేదు.