ఎల్‌.ఇ.డి. వీధిదీపముల ఆయువు – పంచాయతీల బాధ్యత

గ్రామమునందు వీధిదీపములను వెలిగించుట, వానిని చక్కగా నిర్వహించుట పంచాయతీల ముఖ్యవిధులలో నొకటి. దీపము లేని వీధిలో పాము, తేలు, గోయి ఏదియు కానరాదు. రాత్రివేళ పొలమునుండి తిరిగివచ్చు రైతునకు, నీటికై వెడలు స్త్రీలకు ఆ వెలుగే రక్ష.

నేడు అనేక గ్రామములలో ట్యూబులైట్ల స్థానమును ఎల్‌.ఇ.డి. దీపములు ఆక్రమించినవి. ఇవి 50,000 గంటలు వెలుగునని పెట్టెలపై తరచుగా ముద్రింపబడియుండును. రాత్రికి 12 గంటల చొప్పున సంవత్సరమునకు 4,380 గంటలు; అనగా 11 సంవత్సరములకు పైబడిన ఆయువు. అయినను కొన్ని దీపములు రెండు మూడేండ్లకే ఆరిపోవుచున్నవి. ఇందుకు కారణమేమి?

ఆయువు అనగా నేమి?

పాత బల్బులో తీగ తెగిన వెంటనే దీపము ఆరును. ఎల్‌.ఇ.డి.లో అట్టి తీగ లేదు. దాని కాంతి క్రమక్రమముగా క్షీణించును. తొలికాంతిలో నూటికి 70 పాళ్ళు మాత్రమే మిగిలిననాడు దాని ఆయువు తీరినట్లు సాధారణముగా లెక్కింతురు. పెట్టెపైనున్న గంటలు చాలవరకు ఈ కాంతిబిళ్ళలకు సంబంధించినవే. కాని లైనులోని విద్యుత్తును బిళ్ళలకు తగినట్లు మార్చి అందించు డ్రైవరు అను భాగము కూడ దీపమునందు కలదు. పెక్కుచోట్ల ముందుగా చెడునది ఇదియే.

ఆయువును హరించునవి

మొదటిది వేడి. డ్రైవరులోని కెపాసిటరునందు ద్రవపదార్థముండును. వేడి 10 డిగ్రీలు పెరిగిన దాని ఆయువు సగమగునని ఇంజనీర్ల స్థూలసూత్రము. దీపము వెనుకనున్న లోహపు రెక్కలు వేడిని వెలికి పంపుటకే ఏర్పడినవి. వానిపై దుమ్ము పేరుకొనినను, పక్షులు గూడు కట్టినను వేడి లోపలనే నిలిచిపోవును.

రెండవది వోల్టేజి పోటు. సమీపమున పిడుగు పడినప్పుడు లైనులో వోల్టేజి క్షణకాలము విపరీతముగా పెరుగును. న్యూట్రల్ తీగ తెగినచో 230 వోల్టులుండవలసిన చోట 400 వోల్టుల వరకు రావచ్చును. పోటును ఆపు రక్షణసాధనము, సరియైన ఎర్తింగు ఉన్నచో నష్టము తగ్గును.

మూడవది తేమ. వాననీరు, సముద్రతీరమున ఉప్పుగాలి లోపల ప్రవేశించిన అతుకులు తుప్పుపట్టును. ఐ.పి. 65 లేక 66 గుర్తుగల దీపములనే ఎన్నుకొనవలెను.

నాలుగవది మన అశ్రద్ధ. పగలును రాత్రియు వెలుగు దీపమునకు 50,000 గంటలు ఆరేండ్లు నిండకమునుపే చెల్లిపోవును. అంతేకాదు; 24 వాట్ల దీపములు నూరు పగటివేళ 12 గంటలు వెలిగినచో సంవత్సరమునకు సుమారు 10,500 యూనిట్లు వ్యర్థము. ఆ బిల్లు చెల్లించవలసినది పంచాయతీయే.

పట్టీదీపముల మాట

పంచాయతీ కార్యాలయములందు, ఉత్సవములందు వాడు ఎల్‌.ఇ.డి. పట్టీలకును ఈ సూత్రములే వర్తించును. చుట్టగానుంచి వెలిగింపరాదు, వేడికి మాడును. అల్యూమినియపు పట్టీపై అంటించుట మేలు. 12 వోల్టుల పట్టీని 5 మీటర్లకు మించి ఒకే కొననుండి వెలిగించిన రెండవ కొన మసకబారును.

సభ్యులు చేయదగినవి

1. ప్రతి స్తంభమునకు సంఖ్యనిచ్చి, దీపము బిగించిన తేదీని, మరమ్మతులను రిజిస్టరునందు వ్రాయించవలెను.

2. కొనునప్పుడు హామీ డ్రైవరునకును వర్తించునో లేదో విచారించి, హామీపత్రమును భద్రపరుపవలెను.

3. టైమరు లేక వెలుతురును గుర్తించు స్విచ్చి నమర్చి, పగటివెలుగును అరికట్టవలెను.

4. వేసవికి ముందొకమారు, వర్షములకు ముందొకమారు దీపములను తుడిపించి, అతుకులను పరీక్షింపించవలెను. సరఫరా నిలుపక ఎవ్వరును స్తంభమెక్కరాదు.

5. ఆరిన దీపమును వెంటనే పారవేయరాదు. డ్రైవరు మార్చిన చాలునేమో మొదట చూడవలెను.

దీపమును కొనుట ఒకనాటి పని; దానిని కాపాడుట నిత్యకృత్యము. ఈ శ్రద్ధ వహించిన గ్రామమున ప్రజాధనము నిలుచును, వీధియు వెలుగును.