రంగు వేసిన తీరం

పోర్ట్ బ్లెయిర్

అమ్మలూ,

నువ్వు గీసి పంపిన పటం చూశాను. ఉప్పునీటి మొసలి ఉండే చోట్లని కేరళ నుంచి సుందరబన్స్ దాకా తీరమంతటికీ ఒకే రంగు వేశావు. పాతకాలానికైతే అది సరిపోయేది. చర్మం కోసం వేటాడి, మడ అడవులు నరికేశాక మన దేశంలో మిగిలినవి మూడే చోట్లు: ఒడిశాలో భితరకనిక, సుందరబన్స్, మా అండమాన్ నికోబార్. మన గోదావరి, కృష్ణ లంకల దగ్గర ఆ రంగు తీసెయ్యి.

మొసలి కనిపించిన చోటు వేరు, కాపురం పెట్టిన చోటు వేరు. ఆస్ట్రేలియాలో ఉపగ్రహ పరికరం కట్టి వదిలిన ఒక మొసలి 25 రోజుల్లో 590 కిలోమీటర్లు సముద్రంలో వెళ్లింది. అలాంటిది ఎక్కడైనా తేలుతుంది. గుడ్లు పెట్టాలంటే మాత్రం అన్నీ కుదరాలి. తల్లి ఆకులూ గడ్డీ బురదా పోగేసి దిబ్బ కడుతుంది. అవి కుళ్లే వేడికి గుడ్లు పొదుగుతాయి. సుమారు 31, 32 డిగ్రీలుంటే ఎక్కువగా మగపిల్లలు, అంతకు తగ్గినా పెరిగినా ఆడపిల్లలు. వరద దిబ్బమీదికి వచ్చిందా, గుడ్లన్నీ పోతాయి. మూడు నెలలకు లోపలి పిల్లలు అరుస్తాయి. తల్లి దిబ్బ తవ్వి, వాటిని నోట పట్టుకుని నీళ్లలో దింపుతుంది. ఆ దిబ్బలున్న చోటే నీ పటంలో ముదురు రంగు వెయ్యాలి.

ఇక్కడి సంగతి చెప్తాను. 2004 సునామీ నాటి భూకంపానికి దక్షిణ అండమాన్ నేల మీటరు దాకా కుంగింది. సిప్పీఘాట్‌లో వరి పండిన మళ్లలోకి ఉప్పునీరు వచ్చి, మళ్లీ పోలేదు. ఆ నీళ్ల వెంట మొసళ్లూ వచ్చాయి. అదే రోజు ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి మడచెట్లు ఎండిపోయాయి. ఇందులో మొసలి తప్పేముంది? పొలం పోయిన రైతు తప్పు అసలే లేదు.

భితరకనికలో 1975 ప్రాంతంలో మొసళ్లు వందలోపే మిగిలాయి. గుడ్లు తెచ్చి, పొదిగించి, పిల్లల్ని పెంచి వదిలారు. ఇప్పుడు 1,800 దాకా ఉన్నాయి. అక్కడి రేవుల్లో మనుషులూ చనిపోతున్నారు. స్నానాల రేవుల చుట్టూ కంచెలు కట్టాల్సి వచ్చింది. పెరిగాయని సంతోషపడేవాళ్లు ఆ ఇళ్ల దుఃఖాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

పటం మళ్లీ గియ్యి. ప్రతి రంగు పక్కనా అది ఏ ఏటిదో రాయి. సెలవులకి వస్తే క్రీకుల వైపు పడవలో తీసుకెళ్తాను, నీళ్లలో చెయ్యి మాత్రం పెట్టొద్దు.

మీ పెదనాన్న