ఇరవై అయిదో ఏడు నిండకముందే



తండ్రి హవల్దారుగా పెన్షన్‌కి వచ్చిన నాటి నుంచి ఎచ్చెర్లలోని చిరంజీవి వైద్యం ఈసీహెచ్‌ఎస్ కార్డు మీదనే నడుస్తున్నది. మాజీ సైనికులు చందా కట్టి చేరే ఈ ఆరోగ్య పథకం 2003 ఏప్రిల్ 1న మొదలైంది; సిపాయి నుంచి హవల్దారు వరకు ఉన్నవారు 2017 డిసెంబరు చివర నిర్ణయమైన రేటు ప్రకారం ఒక్కసారి 30,000 రూపాయలు కడితే, తమకూ భార్యకూ జీవితాంతం, తమపై ఆధారపడిన పిల్లలకు అర్హత ఉన్నంతకాలం, శ్రీకాకుళంలోని పాలీక్లినిక్‌లో చూపించుకుని, అక్కడి డాక్టరు రిఫరల్ రాసిస్తే పథకం గుర్తించిన ప్రైవేటు ఆస్పత్రిలో డబ్బు కట్టకుండానే చికిత్స పొందవచ్చు. ఇంతటి భరోసా చిన్నప్పటి నుంచీ ఉండటం వల్లనే సైనిక కుటుంబాల పిల్లలు బీమా గురించి ఆలోచించరు.

అయితే కొడుకు విషయంలో ఈ అర్హత శాశ్వతం కాదు. సంపాదన మొదలైనా, పెళ్లయినా, ఇరవై అయిదేళ్లు నిండినా, వీటిలో ఏది ముందు వస్తే ఆ నాటితో అది ముగుస్తుంది. శాశ్వత వైకల్యం ఉన్న కొడుకుకు మాత్రమే ఈ వయోపరిమితి వర్తించదు. అమెరికాలో 2011 నుంచి ట్రైకేర్ యంగ్ అడల్ట్ అనే ఏర్పాటు ఉన్నందువల్ల, వయసు దాటి తల్లిదండ్రుల రక్షణ నుంచి బయటపడిన సైనికుల పిల్లలు పెళ్లి కానంతవరకు నెలనెలా ప్రీమియం కట్టుకుంటూ ఇరవై ఆరేళ్లదాకా సైనిక వైద్యంలోనే కొనసాగగలుగుతున్నారు. ఈసీహెచ్‌ఎస్‌లో అటువంటి మధ్యకాలపు ఏర్పాటు లేదు. ఉండటం న్యాయమని ఇది రాస్తున్న పెదనాన్న గట్టిగా నమ్ముతారు, కానీ అది వచ్చేదాకా ఎవరి ఏర్పాటు వారే చేసుకోవాలి.

చదువు ముగిసి పైడిభీమవరం మందుల కంపెనీలలో ఉద్యోగం దొరికితే, నెల జీతం 21,000 రూపాయలు మించనప్పుడు ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, వర్తిస్తుంది. ఇందుకు జీతంలో ఉద్యోగి వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. కాంట్రాక్టరు కింద చేరినా సరే, మొదటి నెలలోనే ఈఎస్‌ఐ నంబరు అడిగి తీసుకోవాలి. జీతం అంతకన్నా ఎక్కువైతే చాలా కంపెనీలు గ్రూపు పాలసీ, అంటే ఉద్యోగులందరికీ కలిపి తీసుకునే బీమా, ఇస్తాయి. ఉద్యోగం మానిన నాడు సాధారణంగా అదీ పోతుంది కాబట్టి దానినొక్కదానినే నమ్ముకోవడం మంచిది కాదు. ప్రభుత్వ ఎన్‌టీఆర్ వైద్య సేవ కుటుంబ ఆదాయాన్ని బట్టి వర్తించేది గనుక, చిరంజీవి వేరు కాపురం పెట్టిన తరువాత గ్రామ సచివాలయంలో విచారించుకోవలసిన సంగతి.

అందువల్ల పెదనాన్న సలహా ఏమిటంటే, ఇప్పుడు, ఇరవై రెండో ఏట, తండ్రి కార్డు చెల్లుతూ ఉండగానే చిరంజీవి తన పేరున ఒక చిన్న ఆరోగ్య పాలసీ తీసుకోవాలి. కార్డు ఉండగా మళ్లీ ప్రీమియం ఎందుకని తండ్రి అడగటం సహజమే. దానికి సమాధానం నిరీక్షణ కాలంలో ఉన్నది. పాలసీకి ముందే ఉన్న జబ్బులకూ, హెర్నియా, కిడ్నీలో రాళ్లు వంటి కొన్ని పేర్కొన్న చికిత్సలకూ కంపెనీ వెంటనే డబ్బు చెల్లించదు. ఆ గడువు గరిష్ఠంగా 36 నెలలు ఉండవచ్చునని బీమా నియంత్రణ సంస్థ 2024లో నిర్ణయించింది. ఇరవై రెండో ఏట మొదలుపెట్టినవారికి, ఈలోగా సంపాదన గాని పెళ్లి గాని రాకపోతే, ఆ మూడేళ్లూ కార్డు నీడలోనే గడిచిపోతాయి. ఇరవై అయిదు నిండాక మొదలుపెట్టినవారికి అదే మూడేళ్లు, ఉద్యోగపు బీమా లేకపోతే, ఆ జబ్బులకు ఏ ఆధారమూ లేకుండా గడుస్తాయి.

ఈ మాట మన జిల్లాలో మరింత బరువైనది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో, దానికోసం 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేకంగా ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ఎందుకు తెరవవలసివచ్చిందో చిరంజీవికి తెలియనిది కాదు. ఆరోగ్యంగా ఉన్న నాడు తీసుకున్న పాలసీని, ఆ తరువాత జబ్బు బయటపడిందన్న కారణం చూపి రెన్యువల్ చేయకుండా ఆపడానికి వీలులేదు; కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఎక్కువైందని రిపోర్టు వచ్చాక అడిగితే కంపెనీ కాదనవచ్చు, లేదా ప్రీమియం పెంచవచ్చు. దరఖాస్తులో ఇంతకుముందు చేయించుకున్న చికిత్స ఏదీ దాచకూడదు. వరుసగా 60 నెలలు ప్రీమియం కట్టిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న సాకుతో కంపెనీ క్లెయిము తిరస్కరించలేదు. ఆ అయిదేళ్ల లోపు మాత్రం దాచిన చిన్న విషయమే పెద్ద క్లెయిమును పోగొట్టవచ్చు.

వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ లేదు కాబట్టి భారం కొంత తగ్గింది. అయిదు లక్షల పాలసీ ప్రస్తుతానికి సరిపోతుంది. గది అద్దెకు పరిమితి ఉన్నదా, శ్రీకాకుళం, విశాఖ ఆస్పత్రులు కంపెనీ జాబితాలో ఉన్నాయా అన్నవి చూసుకోవాలి. పత్రాలు చేతికి వచ్చాక నచ్చకపోతే 30 రోజులలోపు తిరిగి ఇచ్చేయవచ్చు.

చెల్లెలి విషయం వేరు. ఈసీహెచ్‌ఎస్‌లో కూతురికి వయోపరిమితి లేదు. సంపాదన గాని పెళ్లి గాని వచ్చేదాకా ఆమె పేరు కార్డులో ఉంటుంది. అగ్నివీర్‌గా వెళ్లాలనుకుంటున్న తమ్ముడికి మాత్రం, నాలుగేళ్ల సర్వీసు తరువాత రెగ్యులర్‌గా తీసుకోకపోతే పెన్షనూ ఈసీహెచ్‌ఎస్ కార్డూ రెండూ ఉండవని సంతకం పెట్టకముందే చెప్పాలి. కార్డు విషయంలో చిక్కు రాకుండా, ఈ సంక్రాంతికి తండ్రి ఇంట ఉన్నప్పుడే ఆయన డిశ్చార్జి బుక్కులో పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు సరిగా ఉన్నాయో లేదో చూసుకుని, తేడా ఉంటే శ్రీకాకుళం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఆయనతో కలిసి వెళ్లి దిద్దుబాటుకు దరఖాస్తు పెట్టించాలి.